సముద్రం దాటొచ్చింది... గోడ దాటలేదు!

ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది. హాల్లో పరుగు, వెనక గదిలో పాకుడు. ఇంకో డబ్బా కొందామంటే ఏది కొనాలి? ఎంతలో కొనాలి? అసలు కొనాలా?

2025 అక్టోబరు 14న గూగుల్ ఒక ప్రకటన చేసింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రం, భారీ డేటా సెంటర్ కడతామన్నది దాని సారాంశం. అందులో భాగంగా సముద్రం అడుగున వేసే అంతర్జాతీయ కేబుళ్లు కూడా విశాఖ తీరానికి చేరతాయట. ఇంకేం... ఖండాలు దాటి, సముద్రాలు ఈది, ఇంటర్నెట్ నేరుగా మన ఒడ్డునే కాలు పెడుతుందన్నమాట!

బాగానే ఉంది. కానీ అదే ఊళ్లో, సీతమ్మధారలోనో మర్రిపాలెంలోనో, ఓ రెండు పడకగదుల ఇంట్లో ఆ వార్త చదువుదామని ఫోను పట్టుకుని వెనక గదిలో మంచం మీద వాలిన పెద్దాయనకు తెర మీద గుండ్రం తిరుగుతూనే కనిపిస్తుంది. లేచి హాల్లోకి వస్తే గానీ పేజీ తెరుచుకోదు. వేల కిలోమీటర్లు సునాయాసంగా వచ్చిన ఇంటర్నెట్‌కు చివరి పాతిక అడుగులే గండం.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. డల్లాస్‌లో ఉన్న కూతురికి అక్కడ తెల్లారేసరికి ఇక్కడ మామ్మకు పొద్దుగూకే వేళ. మనవడి మొహం చూడాలంటే ఆవిడ మోకాళ్ల నొప్పితో హాల్లోకి రావాలి. అక్కడ టీవీ సీరియల్ మోత. తల్లీకూతుళ్లు నలుగురి ముందూ ఏం మాట్లాడుకుంటారు? ‘బాగున్నావా అమ్మా’, ‘బాగున్నానే’. అంతే. మనసులో మాట బయటికి రావాలంటే తలుపు వేసుకునే వీలుండాలి. ఆ తలుపు వెనక వైఫై అందదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ బాధ అందరికీ తెలిసొచ్చింది. హాలే ఆఫీసయింది, హాలే బడయింది. అన్నకు ఆల్జీబ్రా, చెల్లికి తెలుగు పద్యం, నాన్నకు మేనేజరుతో మీటింగు. అన్నీ ఒకే సోఫా మీద. ఎందుకంటే ఇంటర్నెట్ డబ్బా ఆ సోఫా పక్కనే ఉంది మరి. ఆ రోజులు పోయాయి. డబ్బా మాత్రం చాలా ఇళ్లలో అక్కడే ఉంది.

పేరొకటి... పని మరొకటి

దుకాణానికి వెళ్లే ముందు ఓ చిన్న పాఠం. ఇంటికి వచ్చే ఫైబర్ తీగలో నడిచేది వెలుతురు. దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టెను ‘ఓఎన్‌టీ’ అంటారు. ఆ ఒక్క కనెక్షన్‌ను ఇంట్లో పది ఫోన్లకూ టీవీకీ పంచిపెట్టేది రౌటర్. తీగ లేకుండా గాల్లో ఆ సంకేతాన్ని అందించేది యాక్సెస్ పాయింట్. అసలు వైఫై అంటే ఈ మూడోదే. ఇప్పుడు ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే డబ్బాల్లో చాలావాటికి మూడు పనులూ ఒకే కడుపులో ఉంటాయి. అందుకే జనం దేన్నయినా ‘మోడెం’ అనేస్తారు. తప్పేం లేదు. కానీ కొనేటప్పుడు ఈ తేడా తెలియకపోతే జేబుకే నష్టం. ఇంట్లో రౌటర్ నిక్షేపంలా ఉంది. లోటల్లా వెనక గదిలో యాక్సెస్ పాయింట్ లేకపోవడం. అలాంటప్పుడు ఎనిమిది కొమ్ములున్న కొత్త రౌటర్ తెచ్చి మళ్లీ ఆ హాల్లోనే పెడితే ఏం లాభం?

ఇరవై ఏళ్ల కిందట ఈ గొడవే లేదు. బీఎస్ఎన్ఎల్ ‘డేటావన్’ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది 2005 జనవరిలో. అప్పటి ప్రభుత్వ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే! కంప్యూటర్ ఒక్కటి, దానికో తీగ. విచిత్రంగా ఆ నెలలోనే కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని గెజిట్‌లో ప్రకటించింది. ఇంట్లో వైఫై పెట్టుకోవడానికి దారి సుగమమైంది అలా. ఆ తర్వాత 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ వీధివీధికీ చేరింది. కేబుల్ టీవీ అబ్బాయే వచ్చి బిగించాడు. ఎక్కడ బిగిస్తాడు? టీవీ ఎక్కడుంటే అక్కడ! ఆ తర్వాత ధరలు మారాయి, కొత్త కంపెనీలొచ్చాయి. ఇంటర్నెట్ డబ్బా అంటే టీవీ పక్కన ఉండేదన్న అలవాటు మాత్రం ఉండిపోయింది.

దొంగ ఎవరు?

కొత్తది కొనే ముందు తగవు ఎక్కడో తేల్చుకోవాలి. చాలా తేలిక. డబ్బాకు రెండడుగుల దూరంలో నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడా నెమ్మదిగానే ఉంటే తప్పు బయటి కనెక్షన్‌ది కావచ్చు, లేదా డబ్బాయే ముసలిదై ఉండొచ్చు. లాప్‌టాప్‌ను తీగతో కలిపి మరోసారి చూస్తే ఏదో తేలిపోతుంది. బయటి తగాదా అయితే కంపెనీకి ఫోన్ చేయాలి. ఎన్ని యాక్సెస్ పాయింట్లు కొన్నా ప్రయోజనం లేదు. డబ్బా దగ్గర బాగుండి వెనక గదిలో పడిపోతోందా... అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ దొంగల్లో మొదటివాడు గోడ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం అయిదారు సెంటీమీటర్లు. మొదటిది కాస్త మొండిది, గోడల్లోంచి ఎలాగోలా దూరి అవతలికి వెళ్తుంది. కానీ నిదానం. రెండోది చురుకైనది, రెండు ఇటుక గోడలు అడ్డొచ్చేసరికి నీరసించిపోతుంది. పాత కట్టడాల్లో తొమ్మిది అంగుళాల గోడలుంటే చెప్పనక్కర్లేదు. ఇక శ్లాబు సంగతి... కాంక్రీటు, అందులో ఇనప కడ్డీల అల్లిక. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా, ఇంటికి మంచి కడ్డీలే వేయించుకుంటాం. కింద హాల్లో పెట్టిన వైఫై పై వాటాకు ఎక్కకపోవడానికి ఆ మంచితనమూ ఓ కారణమే!

రెండో దొంగ ఇనప బీరువా. పెళ్లినాటి బీరువా వెనకే డబ్బా పెట్టి, సిగ్నల్ రావడం లేదని కంపెనీవాళ్లను తిట్టే ఇళ్లు బోలెడు. నిలువుటద్దం వెనకుండే లోహపు పూత, చేపల తొట్టెలో నీళ్లు, ఫ్రిజ్... అన్నీ అడ్డుగోడలే. మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జ్ ఇరుగుపొరుగులోనే. కూర వేడి చేసినంతసేపూ పాట ఆగిపోతోందంటే అనుమానించాల్సింది దాన్నే.

విశాఖలో మరో ముద్దాయి పేరు కూడా తరచూ వినిపిస్తుంది. ‘నేవీ రాడార్లండీ... పోర్టులో ఓడలండీ... వాటి వల్లే మా వైఫై పడిపోతోంది’ అని. పాపం, ఈ నింద చాలావరకు అన్యాయం. సరకుల ఓడల మీద తిరిగే రాడార్లు సాధారణంగా 3, 9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. కైలాసగిరి మీద తుపాన్లను కనిపెట్టే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఎస్-బ్యాండ్‌ది. ఇవేవీ ఇంటి వైఫై వీధిలో నడిచేవి కావు. అయితే ఒక్క మెలిక ఉంది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లను కొన్నిరకాల రాడార్లు కూడా వాడతాయి. అక్కడ రాడార్ చప్పుడు వినిపిస్తే వైఫై డబ్బా మర్యాదగా తప్పుకుని మరో చానెల్‌కు వెళ్లాలన్నది నియమం. వెళ్లేటప్పుడు ఓ నిమిషం కనెక్షన్ తెగినట్టనిపిస్తుంది. అనుమానముంటే సెట్టింగుల్లోకి వెళ్లి 36, 40, 44, 48 చానెళ్లలో ఒకటి ఖాయం చేసేసుకుంటే సరి.

అసలు పెద్ద దొంగ పక్కింటివాడే! కావాలని కాదు లెండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లు మూడే... 1, 6, 11. మధురవాడలో అపార్ట్‌మెంటు బ్లాకులో నిలబడి చూస్తే ఫోన్లో పాతిక ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి. అందరూ ఆ మూడు చానెళ్లలోనే అరుస్తుంటారు. పూర్ణా మార్కెట్‌లో పండగ ముందురోజు బేరం ఆడినట్టే. ఎవరి మాట ఎవరికీ వినపడదు. అందుకే అపార్ట్‌మెంట్లలో 5 గిగాహెర్ట్జ్ లేని డబ్బా కొనడమంటే డబ్బు సముద్రంలో వేసినట్టే.

గారె... అట్టు

ఇప్పుడు కొమ్ముల సంగతి. ఎన్ని యాంటెన్నాలుంటే అంత శక్తి అని దుకాణాల్లో చెబుతారు. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా చుట్టూ సిగ్నల్ పరుచుకునే ఆకారం అచ్చం గారెలా ఉంటుంది. యాంటెన్నా ఆ గారె చిల్లులో ఉందనుకోండి. చుట్టూ బాగా వెళ్తుంది. నెత్తి మీదికీ కాళ్ల కిందికీ తక్కువ. మరి ‘5 డీబీఐ’, ‘9 డీబీఐ’ అంటారే, అదేమిటి? పిండి పెరగదు. అదే పిండి. గారెను అదిమి అదిమి అట్టులా పల్చగా పరిచినట్టు! పక్కలకు ఇంకాస్త దూరం పోతుంది, పైకీ కిందికీ ఇంకా తగ్గిపోతుంది. మేడ ఇంట్లో ఉన్నవారు పెద్ద డీబీఐ చూసి మోజుపడితే పై వాటా ఎండిపోతుంది. యాంటెన్నా వంగేదైతే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి. అప్పుడా గారె నిలువుగా నిలబడుతుంది.

ఇంకో భ్రమ... ‘హై పవర్’. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది. దాని వెలుగు సముద్రంలో ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది. కానీ అంత దూరాన ఓడ మీద నిలబడ్డ మనిషి చేతిలోని టార్చి లైట్‌హౌస్‌లోని వారికి కనబడుతుందా? వైఫై అంటే రెండు వైపులా మాట్లాడుకోవడం. డబ్బా గట్టిగా అరిచినా ఫోను చిన్నగొంతుతోనే బదులివ్వాలి. దాని బ్యాటరీకి అంతకు మించి ఓపికుండదు. ఫోన్లో నాలుగు గీతలు నిండుగా కనిపిస్తూ కూడా పేజీ రాకపోవడానికి ఒక కారణం ఇదే. కాబట్టి గొంతు పెద్దదైన డబ్బా కంటే దగ్గరగా ఉన్న డబ్బా మేలు.

అంటే ఏమిటన్నమాట? పైసా ఖర్చు లేని మొదటి వైద్యం... ఉన్న డబ్బాను కదపడం. టీవీ వెనక నుంచి తీసి, ఇంటికి నట్టనడుమ, తలుపుల వరసలో, ఆరడుగుల ఎత్తున గోడకు పెట్టడం. సన్నటి ఫైబర్ తీగను మీరే లాగొద్దు. ఎక్కువగా వంచితే లోపలి గాజుపోగు విరిగిపోతుంది. కేబుల్ అబ్బాయిని పిలిచి, పదిహేను మీటర్ల తీగ అదనంగా అడిగితే చాలా చోట్ల చిన్న ఖర్చుతో పనైపోతుంది. సగం ఇళ్లకు ఇదే చాలు. దుకాణం దాకా వెళ్లనక్కర్లేదు.

వైర్‌లెస్‌కు ప్రాణం వైరే

కదిపినా సరిపోలేదా? ఇల్లు పొడుగ్గా రైలుపెట్టెలా ఉందా? పైన మరో వాటా ఉందా? అప్పుడు రెండో యాక్సెస్ పాయింట్ తప్పదు. ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడేది. వెయ్యి, పన్నెండు వందలకు దొరికే ‘రిపీటర్’ కొనేస్తారు. ప్లగ్గులో గుచ్చితే చాలు, తీగే అక్కర్లేదు, ఎంత సుఖం! తీరా అది చేసేదేమిటంటే ఒక చెవితో విని అదే నోటితో మళ్లీ చెప్పడం. వింటున్నప్పుడు చెప్పలేదు, చెబుతున్నప్పుడు వినలేదు. దాంతో వేగం సగానికి పడిపోతుంది. పైగా సిగ్నల్ లేని గదిలోనే దాన్ని గుచ్చుతారు. దానికే వినపడనిది అదేం చెబుతుంది? పెట్టాల్సింది సగం దారిలో.

తీగ లాగగలిగితే మాత్రం దాన్ని మించింది లేదు. హాల్లోని డబ్బా నుంచి వెనక గది దాకా ఒక ‘క్యాట్ 6’ తీగ. మీటరుకు పాతిక ముప్పై రూపాయల చొప్పున ఇరవై మీటర్లకు అయిదారు వందలు. ‘క్యాట్ 5ఈ’ అయినా ఇంటికి చాలు. వంద మీటర్ల దాకా ఢోకా లేదు. పాత కేబుల్ టీవీ తీగ పోయే గొట్టం ఖాళీగా ఉంటే అందులోంచే లాగొచ్చు. లేకపోతే గోడ అంచున ప్లాస్టిక్ పట్టీ. చూడ్డానికి బాగుండదని ఇంట్లో వాళ్లు మొదట గొణుగుతారు. వెనక గదిలో సినిమా ఆగకుండా నడిచిన రోజు ఆ గొణుగుడు ఆగిపోతుంది.

తీగ కొనేటప్పుడు ఒక మోసం ఉంది, జాగ్రత్త. చవగ్గా అమ్మే కొన్ని తీగల్లో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఉప్పుగాలి ఊరిది. పెదవాల్తేరులో, లాసన్స్ బే కాలనీలో కిటికీ చువ్వలకే తుప్పు పడుతుంటే ఈ పూత ఎన్నాళ్లాగుతుంది? అసలు రాగి తీగే అడగండి. తీగలో ఎనిమిది పోగులుంటాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. వాటిలో ఒకటి సరిగ్గా నొక్కుకోకపోయినా కనెక్షన్ చాలాసార్లు వంద ఎంబీపీఎస్‌కు దిగి కూర్చుంటుంది. రెండు వందల ప్లాన్ కట్టించుకుని తొంభై అయిదు దగ్గర ఆగిపోయే ఇళ్లలో మొదట చూడాల్సింది ఆ మూతినే.

అటక మీద ఏముందో చూశారా?

కొత్తది కొనే ముందు మరొక్క అడ్డు. కంపెనీ మారినప్పుడు పాత రౌటర్ అటక మీద పడేసి ఉంటారు. దాన్ని దించండి. అందులో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. లేకపోయినా ఫరవాలేదు. ముందు దాని అంకెల చిరునామాను మెయిన్ డబ్బాతో కలవకుండా మార్చాలి. అది 192.168.1.1 అయితే ఇది 192.168.1.2 అన్నమాట. తర్వాత ఫోన్లకు నంబర్లు పంచే ‘డీహెచ్‌సీపీ’ని ఆపేయాలి. ఆ పని ఇంట్లో ఒక్కరే చేయాలి. ఇద్దరు పెద్దలు చెరో పెత్తనం చేస్తే కోడళ్లకు కష్టమే! ఆపైన తీగను ‘వాన్’ అని రాసున్న రంధ్రంలో కాకుండా ‘లాన్’ రంధ్రంలో గుచ్చాలి. పొరపాటున వాన్‌లో గుచ్చితే వెనక గది ఫోనుకు హాల్లోని ప్రింటర్ కనిపించదు.

రెండిటికీ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టి, చానెళ్లు మాత్రం వేరుగా పెట్టండి. 2.4లో హాలుకు 1, వెనక గదికి 11... అలా. ఫోను తనంతట తానే దగ్గరిదాన్ని పట్టుకుంటుంది. కొన్ని ఫోన్లు మాత్రం మొండిఘటాలు. సిగ్నల్ చచ్చేదాకా పాతదాన్నే పట్టుకు వేలాడతాయి. అప్పుడు ఫోన్లో వైఫై ఓసారి ఆపి వేయడమే మందు.

మరీ పాతదైతే దాన్ని అటక మీదే ఉంచండి. 54 ఎంబీపీఎస్ కాలంనాటి డబ్బా అయితే, అంటే 2003లో వచ్చిన ప్రమాణానిది అయితే, అందులోంచి నిజంగా వచ్చేది పాతిక దాకానే. పైగా కంపెనీ దానికి భద్రతా మరమ్మతులు ఏనాడో ఆపేసి ఉంటుంది.

డబ్బా మీద అంకెలు

సరే, కొనాల్సిందే అనుకుందాం. ద్వారకానగర్ కంప్యూటర్ దుకాణాల్లో ఈ సంభాషణ మామూలే.

‘బాబూ, వైఫై డబ్బా కావాలి. ఏది మంచిదేటి?’

‘పన్నెండొందల స్పీడుది ఉందండి. తీసుకెళ్లండి.’

‘మాది వంద స్పీడే కదమ్మా... పన్నెండొందలెందుకు?’

పెద్దాయన అడిగిన ప్రశ్నలో న్యాయముంది. ‘ఏసీ1200’ అంటే 2.4లో 300, 5లో 867 కలిపి, పైకి సరిచేసి వేసిన అంకె. ఫోను ఒకసారి ఒక్క బ్యాండ్‌నే వాడుతుంది కాబట్టి ఆ కూడిక ఎవరికీ అందదు. 867లోనూ గాలి ఖర్చులు పోగా దగ్గరగా ఉంటే సగం, అయిదారు వందలు వస్తే గొప్ప. అయినా అది చాలా ఎక్కువే. 4కె సినిమాకు 15 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. వీడియో కాల్‌కు అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. మామ్మకు కావాల్సింది వేగం కాదు... మధ్యలో తెగకపోవడం.

అసలు చూడాల్సిన అంకె డబ్బా ముందు ఉండదు, వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘10/100’ అని ఉంటే తీగ రంధ్రాలు వంద దాటవు. గాల్లో 867 అని చాటుకుంటూ తీగలో వందకే ఆగిపోయే డబ్బాలు మార్కెట్లో ఉన్నాయి. టీపీ-లింక్‌లోనే చూడండి. ‘ఆర్చర్ సి50’, ‘ఆర్చర్ సి6’ రెండూ ఏసీ1200 తరగతివే, అట్టపెట్టెలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానికి వంద రంధ్రాలు, రెండోదానికి గిగాబిట్. మీ ప్లాన్ వంద లోపే అయితే మొదటిదీ బంగారమే. అంతకు మించితే ‘10/100/1000’ చూసి తీసుకోవాలి.

ధరలు నెలనెలా మారుతుంటాయి గానీ ఉజ్జాయింపుగా చెప్పుకుంటే... ఒక్క 2.4 మాత్రమే ఉన్న ‘300’ రకం వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. చుట్టుపక్కల ఇళ్లు పల్చగా ఉండే పెందుర్తి, ఆనందపురం వైపు వేరే ఇంటికి ఇది చాలు. అపార్ట్‌మెంటుకు వద్దు. రెండు బ్యాండ్లున్న ఏసీ1200, గిగాబిట్ రంధ్రాలతో రెండు, రెండున్నర వేలు. మధ్యతరగతి ఇంటికి దీన్ని కాదనడానికి కారణం కనబడదు. ‘ఏఎక్స్’ అని మొదలయ్యేవి వైఫై 6 రకం. మూడు వేల పైమాట. ఇంట్లో ఫోన్లు, టీవీలు, కెమెరాలు కలిపి పాతిక దాకా ఉండి, కొత్త ఫోన్లుంటే ఆ అదనపు డబ్బు వృథా కాదు. వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. ఆ ముచ్చట ఇప్పుడు ‘అందుబాటు ధర’ మాటల్లో రాదు, వదిలేద్దాం.

సీలింగుకు పళ్లెంలా బిగించే యాక్సెస్ పాయింట్లు కూడా ఉన్నాయి. హోటళ్లలో చూసే ఉంటారు. అసలు ఆ పేరుకు నిజమైన హక్కుదారులు అవే. తీగలోంచే కరెంటు తీసుకుంటాయి కాబట్టి పక్కన ప్లగ్గు అక్కర్లేదు. సరిగ్గా ఇక్కడే చూసుకోవాలి... ఆ కరెంటు ఎక్కించే ‘ఇంజెక్టర్’ పెట్టెలో ఉందా, విడిగా కొనాలా? కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మాత్రం ఇప్పుడే ప్రతి అంతస్తు సీలింగుకూ ఒక ఖాళీ గొట్టం వేయించుకోండి. మేస్త్రీకి పది నిమిషాల పని. శ్లాబు పడ్డాక అదే పని డ్రిల్లింగ్ మెషీన్‌తో, మీ రక్తపోటుతో!

‘మెష్’ అని రెండు మూడు డబ్బాల జతలు అమ్ముతారు. సెట్టింగుల తలనొప్పి లేదు, ఫోను చక్కగా ఒకదాన్నుంచి మరోదానికి మారుతుంది. అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు... ఇలాంటివాళ్లకు మంచిదే. కానీ రెండు డబ్బాల మధ్య గాలి తప్ప మరేం లేనప్పుడు అదీ గోడలకు లొంగేదే. ఖరీదు రెట్టింపు. తీగ కలిపి వాడితేనే దాని అసలు సత్తా.

బిల్లు తీసుకోండి. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన డబ్బా అయితే అది మన 230 వోల్టులకు తగినదో కాదో ముందు చదవాలి.

కరెంటు పోతే?

2014 అక్టోబరు 12ను ఈ ఊరు మర్చిపోలేదు. హుద్‌హుద్ వచ్చిన రోజు స్తంభాలు కూలాయి, టవర్లు మూగబోయాయి, అమెరికాలో పిల్లలు రోజుల తరబడి ఇంటికి ఫోన్ కలవక అల్లాడిపోయారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను భూమిలోకి దించారు. అంతటి తుపానుకు ఇంట్లో చేయగలిగేది తక్కువే గానీ, మామూలు కరెంటు కోతకు మాత్రం వెయ్యి, పదిహేను వందల రూపాయల ‘మినీ యూపీఎస్’ ఉంది. ఫైబర్‌లో ఇంటిదాకా వచ్చేది వెలుతురే కాబట్టి వీధిలో కరెంటు లేకపోయినా చాలాసార్లు ఇంటర్నెట్ బతికే ఉంటుంది. మన డబ్బా వెలిగి ఉండటమే ముఖ్యం. డబ్బా అడుగున 9 వోల్టులా, 12 వోల్టులా చూసి తీసుకోవాలి. వెనక గదిలో రెండో డబ్బా ఉంటే దానికీ ఒకటి కావాలి. ఒకదానికే పెట్టి రెండోది ఆరిపోయిందని చింతించేవాళ్లు ఉంటారు.

మరో మాట. పక్క భవనంలో ఉన్న అన్నగారింటికి మేడ మీదుగా రాగి తీగ లాగొద్దు. పిడుగు పడితే రెండిళ్లలో డబ్బాలూ ఒకేసారి బూడిదవుతాయి. అంత అవసరమైతే అక్కడిదాకా ఫైబర్ వేయించుకోవడమే మేలు.

గడియ వేశారా?

2008 జులై 26. అహ్మదాబాద్‌లో వరస పేలుళ్లు. అంతకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఆ జాడ పట్టుకుని వెళ్తే నవీ ముంబయిలో ఓ ఇంటి దగ్గర తేలింది. ఆ ఇంటి వైఫైకి తాళం లేదు. ఎవరో దాన్ని వాడుకుని మెయిల్ పంపారు. ఇంటాయన పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2009లో టెలికం శాఖ వైఫై కనెక్షన్లన్నిటికీ తాళం తప్పనిసరి అంటూ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

తాళాల్లోనూ రకాలున్నాయి. ‘వెప్’ అనే పాత తాళం నిమిషాల్లో ఊడొస్తుంది. అది తప్ప మరోటి లేని డబ్బా అయితే పారేయడమే. ‘డబ్ల్యూపీఏ2’ తప్పనిసరి, ‘డబ్ల్యూపీఏ3’ ఉంటే మరీ మంచిది. పాస్‌వర్డ్‌గా ఇంట్లో పిల్ల పేరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి. అది వీధిలో అందరికీ తెలుసు. ‘డబ్ల్యూపీఎస్’ అనే సులువు మీటను ఆపేయండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. రెండోదాన్ని ‘అడ్మిన్’ అనే ఉంచేసేవాళ్లే ఎక్కువ. ఇంటికి గొళ్లెం పెట్టి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే అది. చుట్టాలొస్తే ఇవ్వడానికి ‘గెస్ట్’ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంటుంది. మొహమాటం లేకుండా అదే ఇవ్వొచ్చు.

అన్నీ బిగించాక పరీక్ష ఒక్కటే. స్పీడ్ టెస్ట్ కాదు. వీడియో కాల్ కలిపి, ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. హాలు, వంటగది, వెనక గది, మేడ మెట్లు. బొమ్మ ఎక్కడ ఆగుతుందో అక్కడ సుద్దతో ఓ గుర్తు పెట్టండి. డబ్బాను అటు ఓ రెండడుగులు జరిపి మళ్లీ తిరగండి. నాలుగోసారి తిరిగేటప్పటికి డల్లాస్ నుంచి అటువైపు అమ్మాయి ‘ఏంటమ్మా ఈ నడక’ అని నవ్వుతుంది. అప్పుడు వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, మంచం మీద కూర్చోండి.